ముళ్ల పెడల్

మొన్న వేసవి సెలవుల్లో ఒక సాయంత్రం పులుసులోకి చింతపండు పిసుకుతున్నాను. కింద సెల్లార్‌లోంచి ఏదో ఇనుము నేలకేసి కొట్టినట్టు చప్పుడు, ఆ వెంటనే వాచ్‌మన్ భార్య కేక. చేతులు కడుక్కోకుండానే మెట్లు దిగాను. మా పాప సైకిల్ పక్కన నేల మీద కూర్చుని కాలు పట్టుకుని ఉంది. మోకాలి కింద ఎముక మీద జానెడు పొడవున చర్మం లేచిపోయింది.

"ఏం కాలేదమ్మా, పెడల్ మీంచి కాలు జారిందంతే" అంది. ఏడవలేదు. అది ఏడవకపోతేనే నాకు భయం.

సంగతి ఏమిటంటే, మా అన్నయ్య కొడుకు ఉద్యోగానికి బెంగళూరు వెళుతూ తన మౌంటెన్ సైకిల్ మా పాపకి ఇచ్చి వెళ్లాడు. లావు టైర్లు, ముందు షాకప్సర్లు, డిస్క్ బ్రేకులు. తొమ్మిదిలోకి వెళ్లబోతున్న పిల్ల, ట్యూషన్‌కి తొక్కుకుంటూ వెళుతుంది కదా అని సంతోషించాం. వారం తిరిగేసరికి సైకిల్ తొక్కడం మానేసి ఎగరడం మొదలుపెట్టింది. ముందు చక్రం పైకెత్తి వెనక చక్రం మీదే పోవడం వీలీ అట. కదలకుండా ఒకేచోట నిలబెట్టడం ట్రాక్ స్టాండ్ అట. రెండు చక్రాలతో సహా గాల్లోకి లేచి అడ్డం దాటడం బన్నీ హాప్ అట. మా సెల్లార్‌లో రెండు కార్ల మధ్య ఖాళీలో రోజూ సాయంత్రం ఇదే తంతు.

పైకి తీసుకొచ్చి సబ్బు నీళ్లతో కడుగుతుంటే అత్తయ్య గారు కుర్చీలోంచి లేవలేక అక్కడి నుంచే చూశారు. ఆవిడకి రెండు మోకాళ్లూ నొప్పులే, కర్ర లేకుండా నాలుగడుగులు వేయలేరు.

"ఆడపిల్ల కాళ్లమ్మా అవి. రేపు ఆ మచ్చలు పోతాయా? ఆ సైకిల్ ఎవరికైనా ఇచ్చేయండి" అన్నారు.

రాత్రి మావారు కూడా, "ఎందుకొచ్చిన గొడవ? పదో తరగతి అయ్యేదాకా బాల్కనీలో పెట్టేస్తే సరి" అన్నారు. పాప కంచంలోంచి తలెత్తలేదు. నా వైపు మాత్రం ఒకసారి చూసింది.

ఆ చూపు నాకు తెలుసు. మా ఊళ్లో నేను ఎనిమిదో తరగతి దాకా మా నాన్న సైకిల్ తొక్కాను. మొదట అడ్డతొక్కుడు, తర్వాత సీటెక్కి. కట్ట మీంచి దిగుతూ రెండు చేతులూ వదిలేసేదాన్ని. వేసవిలో పెద్దమనిషినయ్యాను, పదహారో రోజు పేరంటం అయింది, మర్నాటి నుంచి సైకిల్ తమ్ముడిది. ఎవరూ కోప్పడలేదు, ఎవరూ వద్దని కూడా అనలేదు. అడగకూడదని నాకే అర్థమైపోయింది, అంతే. నా ఎడమ కాలి మీద ఇప్పటికీ ఒక మచ్చ ఉంది, ఆ ఇనుప పెడల్‌దే. పెళ్లిచూపుల్లో ఎవరూ చీర ఎత్తి కాళ్లు చూడలేదు కానీ, ఎందుకైనా మంచిదని మా అమ్మ మాత్రం ఆ రోజు చీర కుచ్చిళ్లు రెండంగుళాలు కిందికి కట్టింది.

"పది రోజులు ఆగండి. అసలు కాలు ఎందుకు జారిందో చూద్దాం" అన్నాను. పాలు పొంగాయని పొయ్యి మానేస్తామా? మంట ఎక్కువైందా, గిన్నె చిన్నదా అని చూస్తాం కదా. నాకు తెలిసిన పద్ధతి అదొక్కటే.

మర్నాడు మధ్యాహ్నం భోజనాలయ్యాక పాపని, సైకిల్‌ని ఎదురుగా పెట్టుకుని కూర్చున్నాను. "ఏది, జరిగింది జరిగినట్టు చెప్పు" అన్నాను. అది మొదట అనుమానంగా చూసింది. తర్వాత ఉత్సాహం వచ్చేసింది.

ఆ సైకిల్‌కి ఉన్నవి నున్నటి ప్లాస్టిక్ పెడళ్లు. అంచుల్లో పళ్లలా ఉండాల్సినవి అరిగిపోయి గుండ్రంగా అయ్యాయి. వేలితో రాస్తే మన పాత ప్లాస్టిక్ మగ్గు అంచులా ఉంది. మామూలుగా తొక్కేటప్పుడు ఫర్వాలేదు, ఎందుకంటే కాలు ఎప్పుడూ పెడల్‌ని కిందికే నొక్కుతూ ఉంటుంది. ఎగిరేటప్పుడు అలా కాదు. ఒక్క క్షణం బరువంతా పెడల్ మీంచి తేలిపోతుంది. ఆ క్షణంలో బూటు జారిందా, పెడల్ గిర్రున తిరిగి వచ్చి ముంగాలి ఎముక మీద కొడుతుంది. నిన్న జరిగింది అదే.

"మరి కాలు జారకుండా కట్టేసే పెడళ్లు ఉంటాయిగా, టీవీలో రేసుల్లో చూశాను" అన్నాను.

ఉన్నాయి. బూటు అడుగున ఒక లోహపు ముక్క ఉంటుంది, దాన్ని పెడల్‌లో టక్కున ఇరికిస్తారు. మడమ పక్కకి తిప్పితే ఊడుతుంది. స్కీయింగ్ బూట్లు బిగించే పద్ధతి చూసి ఫ్రాన్స్‌లో లుక్ అనే కంపెనీ 1984లో రేసు సైకిళ్లకి తెచ్చింది. మరుసటి ఏడు బెర్నార్డ్ ఇనో వాటితోనే టూర్ ద ఫ్రాన్స్ గెలిచాడు. 1990లో షిమానో కంపెనీ మట్టిదారుల్లో తొక్కేవాళ్ల కోసం చిన్న క్లిప్పుతో ఎస్‌పీడీ అని తెచ్చింది. వింతేమిటంటే, కాలిని క్లిప్పులా పట్టేసే ఈ పెడళ్లని 'క్లిప్‌లెస్' అంటారట! అంతకు ముందు బూటు ముందు భాగానికి పంజరంలాంటి క్లిప్పు, తోలు పట్టీ ఉండేవి కదా, అవి తీసేశారు కాబట్టి ఆ పేరు. మన కోడళ్ల పిలుపుల్లాంటిదే, మనిషి ఎంత మారినా మొదట పెట్టిన పేరు పోదు.

"అవి కొనుక్కుందాం మరి, కాలు జారదు" అన్నాను ఆశగా.

పాప తల అడ్డంగా ఊపింది. "వీలీ చేసేటప్పుడు వెనక్కి పడిపోతాననిపిస్తే ఏం చేయాలో తెలుసా అమ్మా? వెనక బ్రేక్ మీద ఎప్పుడూ ఒక వేలు ఉంచాలి. కొంచెం నొక్కితే ముందు చక్రం కిందికి దిగుతుంది. అది కూడా ఆలస్యమైతే రెండు కాళ్లూ తీసేసి వెనక నేల మీద నిలబడిపోవాలి. సైకిల్ పోతే పోనీ. కాళ్లు బిగించి ఉంటే ఎట్లా నిలబడతాను? వీపు మీద పడతా."

నాకు వీపు సంగతి వినగానే ఆ ఆలోచన పోయింది.

ఇంకో మాట కూడా చెప్పింది. కాళ్లు బిగించుకుంటే బన్నీ హాప్ సులువే, కాళ్లతో సైకిల్‌ని పైకి లాగేయొచ్చు. కానీ అది దొంగదారి. అసలు పద్ధతి వేరు. ముందు ఒంగి, ఒళ్లంతా వెనక్కి వేసి ముందు చక్రాన్ని లేపాలి. తర్వాత నిటారుగా లేచి, కాలివేళ్లు కిందికి వంచి, పెడళ్లని వెనక్కి గీరినట్టు తోస్తూ హ్యాండిల్‌ని ముందుకు నెట్టాలి. అప్పుడు వెనక చక్రం తనంతట తనే కాలి వెంట పైకి వస్తుంది. బిగించని పెడల్ మీద నేర్చుకుంటేనే ఒళ్లు ఆ కదలిక పడుతుందట. అందుకే కొత్తగా నేర్చుకునేవాళ్లని బల్లపరుపు పెడళ్ల మీదే నేర్చుకోమంటారు. ఫ్లాట్ పెడల్ అంటారు వాటిని. ఆస్ట్రేలియా వాడు సామ్ హిల్ వాటి మీదే కొండ దిగే పందేల్లో మూడుసార్లు ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. తర్వాత 2017 నుంచి 2019 దాకా వరసగా మూడేళ్లు ఎండ్యూరో సిరీస్ గెలిచాడు. కాబట్టి అవి నేర్చుకునేవాళ్లకే, చేతకానివాళ్లకే అని అనడానికి లేదు.

పాఠం పుస్తకంలో అరపేజీ కుదురుగా చెప్పలేని పిల్ల ఇదంతా గుక్క తిప్పుకోకుండా చెప్పింది. నేను అక్షింతలు వేయబోయి ఊరుకున్నాను.

ఆ శనివారం ఇద్దరం మోండా మార్కెట్‌లో కూరలు కొనుక్కుని, ఆ పక్కనే ఒక సైకిల్ షాపుకి వెళ్లాం. షాపతను నాతోనే మాట్లాడుతున్నాడు, పాపని చూడటం లేదు. "పాపకి గులాబీ రంగు ఉంది మేడమ్" అని ఒక జత తీశాడు, నున్నగా మెరుస్తూ. పాప వాటిని పట్టుకోలేదు కూడా. "పిన్నులున్నవి చూపించండన్నా" అంది.

అతను లోపల్నుంచి అల్యూమినియం జత తెచ్చాడు. పలకలా వెడల్పుగా, సన్నగా ఉన్నాయి. పైనా కిందా చుట్టూ చిన్న చిన్న ఉక్కు మేకులు నిలబడి ఉన్నాయి. వేలు పెట్టి చూశాను. అచ్చం కొబ్బరికోరు పళ్లు! నిన్న లేచిన చర్మం గుర్తొచ్చి ఒళ్లు జలదరించింది. నున్నటి ప్లాస్టిక్ పెడల్ కొడితేనే అంత గాయమైతే, ఇవి కొడితే ఎముక కనిపించదూ?

"వద్దు పద" అని చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చేశాను. ఆటోలో ఇద్దరం మాట్లాడుకోలేదు. క్లాక్ టవర్ దగ్గర సిగ్నల్ పడితే అది అటు చూస్తూ కూర్చుంది, నేను ఇటు చూస్తూ కూర్చున్నాను. నేను కూడా మా నాన్నలాగే, కోప్పడకుండానే సైకిల్ లాగేసుకుంటున్నానా అనిపించింది.

ఇంటికొచ్చి తెచ్చిన గోరుచిక్కుళ్లు ముందేసుకుని కూర్చుంటే, అత్తయ్య గారు బెండకాయలు తరుగుతూ, "ఈ కత్తిపీటకి పదును పట్టించమని నెల రోజుల నుంచి చెబుతున్నాను. మొద్దుబారిన కత్తిపీటే చెయ్యి కోస్తుంది అమ్మాయ్. పదునున్నది చెప్పినట్టు వింటుంది. మొద్దుది జారుతుంది" అన్నారు.

ఈ మాట ఆవిడ నోట ఇరవై ఏళ్లుగా వింటున్నాను. ఆ రోజు మాత్రం చేతిలో చిక్కుడుకాయ చేతిలోనే ఉండిపోయింది.

"అత్తయ్యా, సైకిల్ పెడల్ కూడా అంతేనటండీ" అన్నాను. మొత్తం వివరించాను. నున్నటి పెడల్ చూడటానికి మెత్తగా ఉంటుంది, జారేది అదే. ముళ్లున్నది బూటుని పట్టి ఉంచుతుంది. జారితే ముళ్లది ఎక్కువ కోస్తుంది, నిజమే, కానీ జారడం అన్నదే బాగా తగ్గిపోతుంది.

ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. బెండకాయలన్నీ అయ్యాక, "కత్తిపీట నేర్చుకునే పిల్లకి మొదటి రోజే చేప కొయ్యమని ఇస్తామా? దోసకాయ ఇస్తాం. మధ్యస్తంగా ఉన్నవి ఏవీ లేవా ఆ షాపులో?" అన్నారు.

ఉన్నాయి. అది నాకు తట్టనే లేదు.

ఈ సంగతి మీలో ఎవరికైనా పనికొస్తుందేమోనని కొంచెం వివరంగా రాస్తున్నాను. ఫ్లాట్ పెడళ్లలో మూడు నాలుగు రకాలు. మొదటిది పాత రోజుల నల్ల రబ్బరు దిమ్మల పెడల్, మన నాన్నల సైకిళ్లకి ఉండేది. చెప్పులతో తొక్కడానికి హాయి, వానలో సబ్బులా జారుతుంది. రెండోది అంచంతా రంపంలా ఉండే ఇనుప పెడల్. మూడోది నైలాన్ పెడల్. తేలిక, చవక, గోడకి కొట్టుకున్నా వంగదు, ముంగాలికి తగిలినా లోహమంత కోయదు. దీనిలోనే పిన్నులు కూడా ప్లాస్టిక్‌తో పోతపోసినవి కొన్ని, చిన్న ఉక్కు పిన్నులు బిగించినవి కొన్ని. నాలుగోది నేను చూసి భయపడిన అల్యూమినియం పెడల్. పట్టు బాగా ఎక్కువ, ధరా ఎక్కువే.

వెడల్పు సుమారు 100 మిల్లీమీటర్లు, అంటే బూటు అడుగు పూర్తిగా ఆనేంత ఉండాలి. పాదం చిన్నదైతే మరీ పెద్ద పలక అక్కర్లేదు, నేలకి తగులుతుంది. మధ్యలో కాస్త పల్లంగా ఉంటే పాదం దానిలో కూర్చుంటుంది. పిన్నులు మరతో బిగించినవైతే మేలు. భయంగా ఉన్నన్నాళ్లు కొన్ని తీసేయొచ్చు, ధైర్యం వచ్చాక మళ్లీ పెట్టుకోవచ్చు, విరిగితే ఒక్కటే మార్చుకోవచ్చు. చేత్తో తిప్పి చూస్తే గరగర లేకుండా తిరగాలి, పక్కలకి ఊగకూడదు. అన్నిటికన్నా ముందు, మర కొలత చూసుకోవాలి. మామూలు సైకిళ్లకి 9/16 అంగుళం. కొన్ని చిన్నపిల్లల సైకిళ్లకి రెండు కాళ్ల ఇనుప కడ్డీ ఒకే ముక్కగా వంచి ఉంటుంది చూడండి, వాటికి అర అంగుళం. ఒకదానిది ఇంకొకదానికి పట్టదు.

మళ్లీ అదే షాపుకి వెళ్లాం. ఉక్కు పిన్నులున్న నైలాన్ జత, నలుపు. ఈసారి నేనే, "పాపతో మాట్లాడండి, తొక్కేది తనే" అన్నాను. అతను బిగించి ఇస్తానన్నా సైకిల్ తీసుకెళ్లలేదు కాబట్టి ఇంట్లోనే బిగించుకోవాలి. రాణిగంజ్‌లో 15 నంబరు స్పానర్ కొన్నాం. ఇంటికి ఒక స్పానర్ కొనుక్కోవడం ఎంత బాగుంటుందో నాకు అప్పుడే తెలిసింది. మిక్సీ కొన్నప్పుడు కూడా అంత సంతోషం వేయలేదు.

కుడివైపు పెడల్ సులువుగానే ఊడింది. ఎడమది రాదే! నేను ఒక పట్టు, పాప ఒక పట్టు. స్పానర్ మీద కాలు వేసి నిలబడ్డాను. చెమటలు పట్టాయి తప్ప అది కదలలేదు. హాల్లోంచి అత్తయ్య గారు చూసి చూసి, "ఎడమది తిరగేసి తిప్పాలి అమ్మాయ్. టేబుల్ ఫ్యాన్ రెక్కలు తీసేటప్పుడు ఎటు తిప్పుతావు? అటు" అన్నారు.

ఇద్దరం అటు తిరిగి చూశాం.

"మామయ్య గారు ముప్ఫై ఏళ్లు లాలాగూడ వర్క్‌షాపుకి సైకిల్ మీదే వెళ్లారు. నెలకోసారి ఆదివారం వాకిట్లో మొత్తం ఊడదీసి కిరోసిన్‌లో కడిగేవారు. నేను పక్కన కూర్చుని గోళీలు ఒక్కొక్కటే అందించేదాన్ని. ఒక్కటి దొర్లిపోయినా ఇల్లంతా వెతికించేవారు" అన్నారు. ఆ గోళీలంటే బేరింగుల్లో బాల్స్.

తిరగేసి తిప్పితే వెన్నముద్దలా వచ్చేసింది. ఎడమవైపు మర ఎందుకు తిరగేసి ఉంటుందంటే, మామూలుగా ఉంటే తొక్కుతూ తొక్కుతూ ఉండగా అదే వదులై ఊడిపోతుంది. విమానం కనిపెట్టిన రైట్ సోదరులు అంతకు ముందు అమెరికాలో డేటన్ అనే ఊళ్లో సైకిల్ షాపు నడిపారు కదా, 1900లో ఊడిపోని పెడల్ అని వాళ్లు చేసిన ప్రకటన దీని గురించే. మీరు గుర్తుపెట్టుకోవడానికి ఒక చిట్కా. స్పానర్ పిడి పైకి ఉండేలా పట్టుకుని, ఏ వైపు పెడల్ అయినా వెనక చక్రం వైపు తిప్పితే ఊడుతుంది, ముందు చక్రం వైపు తిప్పితే బిగుస్తుంది. బిగించే ముందు మరకి కాస్త గ్రీజు రాయాలి, లేకపోతే ఏడాది తర్వాత ఎవరి తరమూ కాదు. మొదట నాలుగు చుట్లు చేత్తోనే తిప్పాలి. అడ్డంగా ఎక్కితే మర పాడవుతుంది. పచ్చడి సీసా మూత లాగానే.

ఇంకా మూడు పనులు చేశాం. ఒకటి బూట్లు. పరుగుకి వాడే బూట్ల అడుగు మెత్తగా, వంపుగా ఉంటుంది, పిన్నులకి సరిగ్గా ఆనదు. దాని పీటీ క్లాసు తెల్ల కాన్వాస్ బూట్లు అడుగు సాపుగా ఉండి చక్కగా పట్టాయి. రెండోది మోకాలి నుంచి చీలమండ దాకా వచ్చే ఫుట్‌బాల్ ఆటగాళ్ల షిన్ గార్డులు. హెల్మెట్ సరేసరి, అది లేకుండా సైకిల్ ముట్టుకోకూడదు. మూడోది సీటు బాగా కిందికి దించడం. పెడల్ మీద నిలబడే ఆటలో సీటు అడ్డం తప్ప సాయం కాదు. ఇవన్నీ అయ్యాక ప్రతి పెడల్‌కీ సగం పిన్నులు తీసి చిన్న డబ్బాలో వేశాను, జీలకర్ర డబ్బా పక్కన పెట్టాను. ధైర్యం వచ్చాక పెడదాం అన్నాను. ఎవరి ధైర్యమో చెప్పలేదు.

ఆ రోజుల్లోనే ఒక రాత్రి పాప నానమ్మకి ఫోన్‌లో ఒక వీడియో చూపించింది. టోక్యో ఒలింపిక్స్‌లో, 2021లో, బీఎంఎక్స్ ఫ్రీస్టైల్ మొదటిసారి పెట్టారు. షార్లెట్ వర్తింగ్‌టన్ అని బ్రిటన్ అమ్మాయి. గాల్లో వెనక్కి పల్టీ కొడుతూ పూర్తిగా ఒక చుట్టు తిరగాలి. ఆడవాళ్ల పోటీల్లో అంతకు ముందు ఎవరూ చేయలేదు. మొదటి పరుగులో కింద పడింది. ఉన్నవి రెండే పరుగులు. రెండోదానిలో ఏదైనా సులువైనది చేసుకోవచ్చు కదా? మళ్లీ అదే చేసింది. ఈసారి దిగింది, బంగారు పతకం తెచ్చుకుంది. ఆ ఆటలోకి పూర్తిగా రాకముందు ఒక హోటల్ వంటింట్లో షెఫ్‌గా పనిచేసేదట.

"వంట చేసుకునే పిల్లా?" అన్నారు అత్తయ్య గారు, అన్నిటికన్నా ఆ ముక్క బాగా నచ్చి. తర్వాత ఫోన్ దగ్గరగా పెట్టుకుని, "కాళ్లు కట్టేసి ఉన్నాయా దీనికి?" అని అడిగారు.

"లేదు నానమ్మా. ఊరికే పెడల్ మీద ఆనించి ఉన్నాయి."

"మరి అంత తలకిందులైతే సైకిల్ ఊడి పడిపోదే?"

"అదే కదా నేర్చుకోవడమంటే."

సెల్లార్‌లో కార్లున్నాయని అందరూ విసుక్కుంటుంటే, మా మారేడ్‌పల్లి వీధి చివర ఖాళీ స్థలంలో పొద్దున్నే ఆరింటికి మకాం మార్చాం. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో సోలార్ కప్పు వేసి 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ కట్టారు, బ్రహ్మాండంగా ఉంటుందట, కానీ అది ఊరికి ఆ చివర. మాకు మట్టి, గడ్డి, నాలుగు ఇటుకలు చాలు. పడినా మెత్తగా ఉంటుంది. నేను ఫ్లాస్కులో టీ పోసుకెళ్లి గట్టు మీద కూర్చునేదాన్ని. ట్రాక్ స్టాండ్ మొదటి రోజు రెండు సెకన్లు. పన్నెండో రోజుకి నేను ఇరవై లెక్కపెట్టేదాకా కదల్లేదు. నేను కావాలనే నెమ్మదిగా లెక్కపెట్టానని తర్వాత దెబ్బలాడింది. వీలీ ఐదారు తొక్కుళ్లు. రెండుసార్లు వెనక్కి వెళ్లింది, రెండుసార్లూ కాళ్లు తీసి నిలబడిపోయింది, సైకిల్ మాత్రం దూరంగా పోయి పడింది. నా గుండె ఒక్కసారి ఆగి కొట్టుకుంది కానీ, ఆ నిలబడటం కళ్లారా చూశాక నాకు నిద్ర పట్టడం మొదలైంది.

పిన్నులు అసలు గుచ్చుకోలేదని అబద్ధం చెప్పను. ఒకరోజు షిన్ గార్డులు తొడుక్కోవడానికి బద్ధకించింది, నాలుగు చుక్కల్లా గుచ్చుకున్నాయి. అత్తయ్య గారు పసుపు డబ్బా తెమ్మన్నారు, నేను ముందు సబ్బు నీళ్లతో కడిగి డాక్టర్ గారికి చూపించుకొచ్చాను. పదేళ్లకి వేయాల్సిన టీడీ టీకా వేయించారా అని అడిగారాయన, వేయించాం. మళ్లీ పదహారేళ్లకి ఒకటుంది. మీ పిల్లల కార్డులు కూడా ఒకసారి తీసి చూసుకోండి, సైకిల్ ఉన్నా లేకపోయినా. తర్వాత దానికి గార్డులు మర్చిపోయే బద్ధకం పోయింది.

జూన్ మొదటి వారంలో ఒక సాయంత్రం డబ్బా తీసి మిగతా పిన్నులు దానితోనే పెట్టించాను. మావారు ఆఫీసు నుంచి వచ్చి హాల్లో స్పానర్, గ్రీజు, పేపరు పరిచి ఉండటం చూసి, "బాల్కనీలో పెట్టమన్నది ఏమైంది?" అన్నారు. ఎవరం జవాబు చెప్పలేదు. ఆయన కాసేపు నిలబడి, చొక్కా చేతులు మడుచుకుని, రెండో పెడల్‌కి పట్టుకున్నారు.

బడి తెరిచే ముందు ఆదివారం అత్తయ్య గారు తనూ వస్తానన్నారు. ఆటోలో ఆ వీధి చివరిదాకా తీసుకెళ్లి, ప్లాస్టిక్ కుర్చీ వేసి కూర్చోబెట్టాం. పాప బన్నీ హాప్ చూపిస్తానని దాటడానికి ఏదైనా కావాలని వెతికి, పక్కింటి గోడకి ఆనించి ఉన్న చీపురు తెచ్చి అడ్డంగా పెట్టింది.

"హవ్వ! చీపురు దాటుతారటే ఎవరైనా?" అన్నారు అత్తయ్య గారు. అటూ ఇటూ చూశారు, ఏమీ దొరకలేదు. చేతిలో కర్ర తీసి ఇచ్చారు. "ఇది పెట్టు. రెండు ఇటుకల మీద పెట్టు, నేల మీద అయితే ఏం గొప్ప?"

మొదటిసారి వెనక చక్రం కర్రకి తగిలి కర్ర ఎగిరిపడింది. రెండోసారీ అంతే. మూడోసారి ముందు చక్రం లేచింది, అది నిటారుగా లేచి నిలబడింది, తెల్ల కాన్వాస్ బూట్లు పెడళ్లని అంటిపెట్టుకునే పైకి వచ్చాయి, వెనక చక్రం కర్ర మీంచి బెత్తెడు ఎత్తున దాటిపోయింది. నేను లేచి నిలబడి అరిచానట, నాకు గుర్తులేదు.

"నానమ్మా, కర్ర ఇదిగో" అని తెచ్చి ఇవ్వబోయింది.

"ఇప్పుడే ఎందుకు? నేనెక్కడికి వెళుతున్నాను?" అన్నారు ఆవిడ కుర్చీలో సర్దుకుని. "ఇంకో ఇటుక పెట్టు."